పేరున్న పసిబిడ్డ: లూయిస్ ఎర్డ్రిక్ రాసి, బొమ్మలు వేసిన ‘బిర్చ్‌బార్క్ హౌస్’ నవలలు

ఒక నవలకు బాగా పేరొచ్చాక దానికి కొనసాగింపు రాయాలని చాలామందికి అనిపిస్తుంది. కథ ఆగిన చోట అందుకుని ముందుకు నడుపుతారు. పిల్లలు పెద్దవాళ్లవుతారు, పెళ్లిళ్లవుతాయి, కొత్త కష్టాలు వస్తాయి. అందులో తప్పేమీ లేదు. అయితే కొన్ని ప్రసిద్ధ నవలల్లో కథ ఆగిన చోటు కంటే, కథ చూడకుండా వదిలేసిన చోటు పెద్దది. అలాంటి నవలకు కొనసాగింపు రాయాలంటే ముందుకు నడిస్తే చాలదు. పక్కకు నడవాలి, వెనక్కి నడవాలి. ఆ కథలో దూరంగా, గుంపుగా, పేరు లేకుండా కనిపించి పోయిన మనుషుల గుమ్మం దాకా వెళ్లాలి.

అమెరికాలో ఒక ఆదివాసీ రచయిత్రి ఆ పని చేసింది. పేరు లూయిస్ ఎర్డ్రిక్. ఒజిబ్వే తెగలో టర్టిల్ మౌంటెన్ బృందానికి చెందిన మనిషి. 1999లో ‘ది బిర్చ్‌బార్క్ హౌస్’ అనే పిల్లల నవల రాసింది. అందులోని పెన్సిల్ బొమ్మలు కూడా తనే వేసింది. తర్వాత 2005, 2008, 2012, 2016లలో అదే కుటుంబం కథతో మరో నాలుగు నవలలు తెచ్చింది. వాటికీ బొమ్మలు ఆమెవే. తమ తెగల గురించి రాయాలనుకునే మన యువతీయువకులకూ, ఆ పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులకూ ఈ నవలల్లో నేర్చుకోదగింది చాలా ఉందని మేము అనుకుంటున్నాం.

ముందుగా ఆ పాత నవలల గురించి చెప్పుకోవాలి. లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన ‘లిటిల్ హౌస్’ పుస్తకాలు అమెరికాలో తరతరాలుగా పిల్లలు చదువుతున్నారు. మొదటిది 1932లో వచ్చింది. అందరికీ ఎక్కువ తెలిసిన ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’ 1935లో వచ్చింది. లారా తన చిన్నతనాన్నే కథగా రాసుకుంది. నాన్న దుంగలు నరికి ఇల్లు కట్టడం, అమ్మ రొట్టె కాల్చడం, రాత్రి పూట నాన్న ఫిడేలు వాయించడం, చలికి తట్టుకోవడం, అక్కాచెల్లెళ్ల తగువులు, అన్నీ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఆమె మంచి రచయిత్రి. ఆ మాట ఒప్పుకోకుండా ఈ చర్చ ముందుకు సాగదు. చెడ్డగా రాసిన పుస్తకం మనల్ని అవమానిస్తే పక్కన పెట్టేస్తాం. బాగా రాసిన పుస్తకం మనల్ని మనుషుల్లో లెక్కపెట్టకపోతే అది పసిమనసుల్లో లోతుగా దిగుతుంది.

ఆ కుటుంబం 1869లో కాన్సస్‌కు వెళ్లి ఇల్లు కట్టుకున్న నేల ఒసేజ్ తెగవారి రిజర్వు భూమి. అక్కడ స్థిరపడే హక్కు వాళ్లకు చట్టప్రకారం లేదు. మన మాటల్లో చెప్పుకుంటే, ఏజెన్సీలో గిరిజనుల భూమిలోకి వచ్చి గుడిసె వేసుకున్న వలస కుటుంబం అది. 1/70 చట్టం ఎందుకొచ్చిందో తెలిసిన మన ఊళ్లకు ఈ కథ వేరే దేశపు కథలా అనిపించదు. అలా వచ్చి చేరిన వాళ్ల ఒత్తిడి పెరిగి, 1870లో ఒసేజ్ తెగ ఆ భూమి అమ్ముకోవడానికి ఒప్పుకుని, ఇప్పటి ఓక్లహోమా వైపు వెళ్లిపోవాల్సి వచ్చింది.

నవలలో ఇదంతా ఒక చిన్నపిల్ల కంటితో కనిపిస్తుంది. ఇండియన్లు చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వచ్చి తిండి అడిగి వెళ్లే వింత మనుషులు. వాళ్ల గురించి పొరుగువాళ్లు అనే మాటలు ఇక్కడ రాయదగినవి కావు. మొదటి ముద్రణలో, ఆ నేల మీద మనుషులే లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అని అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉండేది. అంటే ఇండియన్లు మనుషుల లెక్కలోకి రారన్న మాట. దాదాపు 17 ఏళ్ల పాటు ఆ వాక్యం ఎవరికీ తప్పుగా తోచలేదు. ఒక పాఠకుడు ఉత్తరం రాశాక 1953 ముద్రణలో ఒక్క పదం మార్చారు. ‘మనుషులు’ అన్న చోట ‘స్థిరపడినవాళ్లు’ అని పెట్టారు. పదం మారింది గానీ కథ చూసే చూపు మారలేదు. 1998లో మిన్నెసోటాలోని ఒక బడిలో ఈ పుస్తకం చదివి వినిపిస్తే డకోటా తెగకు చెందిన ఎనిమిదేళ్ల పిల్ల ఏడుస్తూ ఇంటికి వెళ్లిందని, ఆ తల్లి బడి అధికారులను నిలదీసిందని రికార్డయి ఉంది. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘం, లారా పేరున ఇస్తూ వచ్చిన బాలసాహిత్య పురస్కారానికి ఆ పేరు తీసేసి కొత్త పేరు పెట్టింది.

పుస్తకాన్ని బడిలోంచి తీసేయాలా, పురస్కారానికి పేరు మార్చాలా అన్న వాదనలు ఎప్పుడూ ఉంటాయి. ఎర్డ్రిక్ ఆ వాదనలోకి దిగకుండా ఇంకో ఇల్లు కట్టింది. ఆ పాత ఇంటి పక్కనే, దాదాపు అదే కొలతలతో.

‘బిర్చ్‌బార్క్ హౌస్’ కథ 1847లో మొదలవుతుంది. లారా పుట్టింది 1867లో. అంటే ఈ కొనసాగింపు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లి మొదలైంది. తెల్లవాళ్లు రాకముందు అక్కడ ఎవరున్నారు అనే ప్రశ్నకు జవాబు వెనకే ఉంటుంది కాబట్టి ఇది సరైన దిక్కు. సుపీరియర్ సరస్సులో ఒక దీవి. పటాల్లో దాని పేరు మేడ్‌లైన్. ఒజిబ్వేలు దానికి పెట్టుకున్న పేరుకు బంగారు రొమ్ము ఉన్న వడ్రంగిపిట్టల దీవి అని అర్థం. అక్కడ ఒమకాయస్ అనే ఏడేళ్ల పిల్ల ఉంటుంది. చిన్న కప్ప అని ఆ పేరుకు అర్థం. మొదటి అడుగు గెంతుతూ వేసిందట, అందుకని ఆ పేరు. అమ్మ ఎల్లో కెటిల్, నాన్న డేడే, అమ్మమ్మ నోకోమిస్, అందగత్తె అక్క ఆంజెలీన్, తిండిపోతూ అల్లరివాడూ అయిన తమ్ముడు పించ్, ఇంకా నడక రాని పసివాడు నీవో, ఒక పెంపుడు కాకి. ఇదీ ఆ కుటుంబం.

రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివితే ఎర్డ్రిక్ ఏం చేసిందో తేటగా తెలుస్తుంది. అక్కడ నాన్న దుంగలు నరికి ఇల్లు కడతాడు. ఇక్కడ అమ్మమ్మా మనవరాలూ కలిసి బిర్చ్ చెట్టు బెరడు తీసి ఎండాకాలపు ఇల్లు కట్టుకుంటారు. బెరడు తీసేముందు అమ్మమ్మ చెట్టుకు పొగాకు సమర్పించి, అడిగి తీసుకుంటుంది. కొత్త పంట తినేముందు కొత్తల పండుగ చేసే మనకు ఆ మర్యాద వివరించి చెప్పనక్కర్లేదు. అక్కడ ఎలుగుబంటి అంటే భయం, తుపాకీ. ఇక్కడ ఒమకాయస్ ఎలుగు పిల్లలతో ఆడుతూ తల్లి ఎలుగు కింద చిక్కుకుపోతుంది. కదలకుండా ఉండి దానితో మాట్లాడుతుంది. ఎలుగు వదిలి వెళ్లిపోతుంది. ముందుముందు ఆ పిల్ల మందులు తెలిసిన మనిషి అవుతుందనడానికి అదే మొదటి గుర్తు. అక్కడ మేపుల్ చెట్టుకు గాటుపెట్టి తీపి రసం తీసి కాచి చక్కెర చేస్తారు. ఇక్కడా చేస్తారు. మనం జీలుగు చెట్టుకూ తాటి చెట్టుకూ గాటుపెట్టినట్టే. లారా మొదటి పుస్తకంలోని అడవి కూడా ఇదే విస్కాన్సిన్ ప్రాంతపు అడవి. అందులో చుట్టూ చెట్లూ జంతువులే తప్ప మనుషులు కనబడరు. అదే నేల, అదే చెట్టు, అదే రసం. ఆ చెట్టుకు గాటుపెట్టడం అంతకుముందే తెలిసిన వాళ్ల చేతులు మాత్రం ఆ పుస్తకంలో లేవు. ఎర్డ్రిక్ ఆ చేతులను తిరిగి తెచ్చి చూపించింది.

అన్నిటికంటే ముఖ్యమైన పోలిక పసిబిడ్డ. ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’ చివర్లో ఒసేజ్‌లు గుర్రాల మీద బారులు తీరి ఊరు వదిలి వెళ్లిపోతుంటారు. లారా కుటుంబం గుమ్మంలో నిలబడి చూస్తుంది. ఒక తల్లి గుర్రం పక్కన బుట్టలో నల్లకళ్ల పసిబిడ్డ వెళుతూ ఉంటే లారా ఆ బిడ్డ తనకు కావాలని ఏడుస్తుంది. నాన్న ఊరుకోమంటాడు. ఆ దృశ్యం బాగా రాశారు, అందుకే అది మరీ బాధపెడుతుంది. తమ నేల పోగొట్టుకుని వెళ్లిపోతున్న తల్లి చంకలోని బిడ్డ, చూసేవాళ్లకు ఒక బొమ్మలాగా కావాలనిపించింది. ఆ బిడ్డకు పేరు లేదు. ఎక్కడికి పోయిందో కథకు అక్కర్లేదు.

ఎర్డ్రిక్ నవల పసిబిడ్డతోనే మొదలవుతుంది. మశూచి వచ్చి ఒక చిన్న దీవిలో అందరూ చనిపోతారు. ఒక్క ఆడబిడ్డ మాత్రం శవాల మధ్య పాకుతూ కనిపిస్తుంది. పడవలో వచ్చిన బేరగాళ్లు రోగానికి భయపడి వదిలేసి పోతారు. టాలో అనే మొండి మనిషి, ఎలుగులను వేటాడే ఒంటరి ఆడది, వెళ్లి ఆ బిడ్డను తెస్తుంది. తర్వాత కథలో ఇంకో పసిబిడ్డ నీవో. నాలుగోవాడు అని ఆ మాటకు అర్థం. ఒమకాయస్‌కు వాడంటే ప్రాణం. ఊయల పలకకు కట్టి ఉంచిన వాణ్ని దొంగతనంగా విప్పి ఎత్తుకుంటుంది. చలికాలంలో కొత్త మనిషి ఒకడు ఊళ్లోకి వచ్చి చనిపోతాడు. వాడితో పాటు మశూచి వస్తుంది. ఇంట్లోవాళ్లు పడిపోతే ఒమకాయస్ లేచి తిరుగుతూ సేవ చేస్తుంది. ఆంజెలీన్ బతుకుతుంది గానీ అందమైన ముఖం నిండా మచ్చలు పడతాయి. నీవో అక్క చేతుల్లోనే చనిపోతాడు.

పాత నవలలో పేరు లేకుండా వెళ్లిపోయిన బిడ్డకు ఇక్కడ పేరుంది. ఎత్తుకునే అక్క ఉంది. నవ్వు ఉంది, చావు ఉంది, ఆ చావు తర్వాత నెలల తరబడి కోలుకోని దుఃఖం ఉంది. ఎర్డ్రిక్ ఎక్కడా లారా పేరెత్తలేదు. కోపంగా ఒక్క మాట అనలేదు. కానీ ఈ పుస్తకం చదివిన పిల్ల మళ్లీ ఆ పాత పుస్తకం తెరిస్తే, బుట్టలో వెళ్లే బిడ్డను చూసి ‘వీడి పేరేమిటి?’ అని అడగకుండా ఉండలేదు. జవాబివ్వడం అంటే ఇదీ అని మాకు అనిపిస్తుంది. వాదించి గెలిస్తే ఎదుటివాళ్లు మాట్లాడటం మానేస్తారేమో గానీ వాళ్ల చూపు మారదు. కథ చూపును మారుస్తుంది.

ఇక బొమ్మల సంగతి. లారా పుస్తకాలకు మొదట హెలెన్ స్యూయెల్ బొమ్మలు వేసింది. 1953లో గార్త్ విలియమ్స్ కొత్తగా వేశాడు. పాఠకుల మనసులో నిలిచిపోయినవి విలియమ్స్ బొమ్మలే. చేయి తిరిగిన చిత్రకారుడు. కానీ ఇండియన్లను అతను కూడా గుమ్మంలోంచి చూసినట్టే గీశాడు. బొమ్మ వేసేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో బొమ్మే చెప్పేస్తుంది. ఎర్డ్రిక్ పెన్సిల్ పట్టుకుని ఇంటి లోపల కూర్చుంది. ఆమె బొమ్మల్లో గొప్ప దృశ్యాలు తక్కువ. ఇంట్లో వాడే వస్తువులు, చెప్పులు, బెరడు బుట్టలు, కాకి, పిల్ల ముఖం, అమ్మమ్మ చేతులు, ఇలాంటివే ఎక్కువ. బొమ్మలన్నీ ఒకే స్థాయివి కావు. కొన్ని నోటు పుస్తకంలో వేసుకున్న చిత్తు గీతల్లాగే ఉంటాయి. వృత్తి చిత్రకారుడి చేతిలో ఇంకా నున్నగా వచ్చేవి. అయినా ఆమె వేరే వాళ్లకు ఇవ్వకుండా తనే వేయడం మంచి పనే. ఒక బుట్ట అల్లిక ఎటు తిరుగుతుందో, ఊయల పలకకు బిడ్డను ఎలా కడతారో వేసే మనిషికి తెలిసి ఉండాలి. తెలియని చేయి అందంగా వేసినా అబద్ధం వేస్తుంది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. బడి వార్షికోత్సవాల్లో గిరిజన నృత్యం అంటే ఇప్పటికీ చాలాచోట్ల పిల్లల ముఖాలకు నల్లరంగు పూస్తారు, నడుముకు ఆకులు చుడతారు, తలకు ఈకలు కడతారు. కోయ గూడెంలో గానీ సవర ఊరిలో గానీ లంబాడి తండాలో గానీ ఆ వేషం ఎవరూ వేసుకోరు. అది ఎవరో ఎక్కడో గీసిన బొమ్మలోంచి, సినిమాలోంచి వచ్చింది. ఆ వేషం వేసుకుని చప్పట్లు కొట్టించుకునే వాళ్లలో మన పిల్లలూ ఉంటారు. తమ అమ్మ కట్టే చీర కట్టు, తమ తాత మోగించే డోలు గిరిజనుల్లో లెక్క కావనీ, ఈకలే లెక్క అనీ వాళ్లు నేర్చుకుంటారు. బొమ్మ ఎవరు వేయాలి అనే ప్రశ్న అందుకే చిన్నది కాదు.

తర్వాత వచ్చిన నవలల్లో మాకు ఎక్కువ నచ్చింది రెండోది, ‘ది గేమ్ ఆఫ్ సైలెన్స్’. 1850లో అమెరికా ప్రభుత్వం ఒజిబ్వేలను వాళ్ల నేల వదిలి పడమరకు పొమ్మని ఆజ్ఞ ఇచ్చింది. ఏటా ఇవ్వాల్సిన ఒప్పందపు సొమ్మును, సామాన్లను దీవి దగ్గర ఇవ్వకుండా దూరాన ఉన్న శాండీ లేక్ దగ్గర ఇస్తామని జనాన్ని అక్కడికి రప్పించారు. సొమ్ము వేళకు రాలేదు. వచ్చిన తిండి చెడిపోయింది. చలి ముంచుకొచ్చింది. అక్కడా, తిరుగుదారిలోనూ కలిపి దాదాపు 400 మంది చనిపోయారని అంచనా. ఈ చరిత్రను పిల్లల నవలలో ఎలా చెప్పాలి? ఎర్డ్రిక్ ఒక ఆటతో చెప్పింది. పెద్దలు గట్టి విషయాలు మాట్లాడుకోవాల్సి వచ్చినప్పుడు పిల్లలకు మౌనం ఆట పెడతారు. నోరు మెదపకుండా ఉన్నవాళ్లకు బహుమతి. పిల్లలు కిక్కురుమనకుండా కూర్చుంటారు. కానీ చెవులు తెరిచే ఉంటాయి.

ఇక్కడ మళ్లీ లారా గుర్తుకొస్తుంది. ఆ నవలలో లారా ఒక రాత్రి నాన్నను అడుగుతుంది, ఇది ఇండియన్ల నేల కదా, వాళ్లకు కోపం రాదా అని. నాన్న ఆ ప్రశ్నను తుంచేసి పడుకోమంటాడు. వైల్డర్ ఆ ప్రశ్నను దాచకుండా రాసింది, అది ఆమె నిజాయితీ. కానీ ఆ పుస్తకంలో జవాబు లేదు. ఒక ఇంట్లో ప్రశ్న వేయకుండా పిల్లను మౌనంగా ఉంచారు. ఇంకో ఇంట్లో జవాబు వినేలా పిల్లలను మౌనంగా ఉంచారు. రెండు మౌనాల మధ్య తేడా ఎంతో. పోలవరం ముంపులో ఇళ్లు వదిలిన కోయ, కొండరెడ్డి కుటుంబాల పిల్లలు కూడా పెద్దల సమావేశాల్లో ఒక మూల అలాగే కూర్చుని విన్నారు. వాళ్లు విన్నది రేపు ఎవరు రాస్తారు? వాళ్లే రాయాలి. బయటి నుంచి వచ్చి ముంపు మీద రాసేవాళ్లకు ఎన్ని ఎకరాలు, ఎన్ని ఇళ్లు అన్న లెక్క దొరుకుతుంది. అమ్మమ్మ కదలనని మంచం పట్టుకు కూర్చున్న సంగతి లోపలి పిల్లలకే దొరుకుతుంది.

ఈ నవలల్లో లోపాలు లేవని మేము అనడం లేదు. నాలుగో నవల ‘చికడీ’లో ఒమకాయస్ కవలల్లో ఒకణ్ని ఎత్తుకుపోయే అన్నదమ్ములు నవ్వించడానికి పెట్టిన మోటు దుర్మార్గులు. మొదటి రెండు పుస్తకాల బరువు తెలిసిన పాఠకుడికి అక్కడ కథ తేలికైపోయినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, ఈ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒజిబ్వే మాటలు అక్కడక్కడా వస్తాయి. ఋతువుల పేర్లతోనే భాగాలు ఉన్నాయి, నీబిన్, దగ్వాగింగ్, బిబూన్, జీగ్వన్ అని. పుస్తకం చివర మాటల పట్టిక ఉంది. తన భాషలోనే పుస్తకమంతా రాయకుండా, దొరల భాషలో తన మాటలు చల్లడం సరిపోతుందా అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాలి కూడా. గోండి, కోయ, సవర, కువి పిల్లలు తెలుగు వాచకం చదువుతున్నప్పుడు మనల్నీ ఇదే ప్రశ్న పట్టుకుంటుంది. మా అభిప్రాయం ఇది: ఎర్డ్రిక్ పట్టికతో తలుపు కొద్దిగా తెరిచింది. తలుపంతా తెరవడం తర్వాతి వాళ్ల పని. మన దగ్గర గుంజాలలో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి. సవర భాషకు మంగెయి గొమాంగో 1936లోనే లిపి కూర్చాడు. మనకు లిపి లేదు కాబట్టి రాయలేం అనే సాకు ఇక చెల్లదు.

మూడో సంగతి ఇంకా లోతైంది. లారా కథలో వెళ్లగొట్టబడింది ఒసేజ్‌లు. ఎర్డ్రిక్ ఒజిబ్వే. ఈ జవాబు ఒసేజ్‌ల జవాబు కాదు. వాళ్ల జవాబు వాళ్లే రాయాలి. బయటివాళ్లకు ఇండియన్ అంటే ఒకటే. లోపలి వాళ్లకు కాదు. గిరిజనులు అనే ఒక్క మాటలో కోయ, గోండు, కొలాం, చెంచు, సవర, జాతాపు, కొండదొర, లంబాడి అందరినీ పోసేస్తే జరిగేదీ అదే. ఒకరి కథ రాగానే అందరి కథా అయిపోయిందని అనుకుంటారు. ఒక్క నవల వస్తే మన పని అయిపోదు.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ 1894లో వచ్చింది. అందులోని అడవి మధ్యప్రదేశ్‌లోని సివనీ, గోండుల నేల. కథంతా జంతువులది, గోండులు అందులో ఒక మూల కనిపించి పోతారు. పటన్‌గఢ్‌కు చెందిన ప్రధాన్ గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్ ఒక రెస్టారెంటు గోడల మీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లాడు. తిరిగొచ్చాక 2004లో ‘ది లండన్ జంగిల్ బుక్’ తెచ్చాడు. అతను చెప్పగా గీతా వోల్ఫ్, సిరీష్ రావ్ అక్షరాల్లో పెట్టారు. చెన్నైలోని తారా బుక్స్ వేసింది. ఈసారి చూసేది గోండు, చూడబడేది లండన్. అక్కడి పెద్ద గడియారం కోడిపుంజైంది, ఎందుకంటే గోండులకు పొద్దు తెలిపేది కోడి. అతను రోజూ ఎక్కే బస్సు నమ్మకమైన కుక్క అయింది. ఎర్డ్రిక్ పక్క ఇల్లు కట్టింది, భజ్జూ శ్యామ్ దొర ఇంటికే వెళ్లి దాన్ని తన అడవిగా గీశాడు. రెండు దారులూ మనవే. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడే ప్రధానులు అతనికి దూరపువాళ్లేమీ కారు.

తెలుగు పాఠకులకు బాగా తెలిసిన పుస్తకం ఒకటి గుర్తుచేస్తాం. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’ మనకు ‘వనవాసి’గా వచ్చింది. అడవిని అంత ప్రేమించి రాసిన పుస్తకాలు తక్కువ. కథ చెప్పే సత్యచరణ్ ఎస్టేటు మేనేజరు. అడవిని కౌళ్లకిచ్చి నరికించే ఉద్యోగం చేస్తూనే అడవి పోతోందని దుఃఖపడతాడు. ఆ దుఃఖం నిజమే. అందులో భానుమతి అనే సంతాల్ రాజవంశపు అమ్మాయి ఉంది. సత్యచరణ్‌కు ఆమె మీద ఇష్టం, గౌరవం. చివరకు అతను వెళ్లిపోతాడు. ఆమె అక్కడే ఉండిపోతుంది. ఆ తర్వాత ఆమెకు ఏమైంది? అడవి పోయాక ఏం తిన్నది? పిల్లలకు ఏ పేర్లు పెట్టుకుంది? మేనేజరు బాబు గురించి తన భాషలో తన వాళ్లకు ఏం చెప్పింది? ‘వనవాసి’ని ప్రేమించే పాఠకులు ఎందరో. భానుమతి వైపు నుంచి రాసిన పుస్తకం మాత్రం మేము చదవలేదు. ఇలాంటి ఖాళీలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి.

ఉపాధ్యాయులకు మా మనవి: మనల్ని తక్కువ చేసిన పుస్తకం పాఠంగా వస్తే దాటేయకండి. పక్కన ఇంకో కథ పెట్టండి. అది అచ్చులో లేకపోతే గూడెంలో ఒక అవ్వను పిలిచి చెప్పించండి. తర్వాత పిల్లలను మూడు ప్రశ్నలు అడగమనండి. ఈ కథలో పేర్లు ఎవరికి ఉన్నాయి, ఎవరికి లేవు? బొమ్మ వేసినవాళ్లు ఎక్కడ నిలబడి చూశారు? ప్రశ్న వేసినవాళ్లను ఎవరు ఊరుకోమన్నారు? ఈ మూడు ప్రశ్నలు వచ్చిన పిల్లను ఏ పుస్తకమూ చిన్నబుచ్చలేదు.

యువతకు మా మాట: పెద్ద నవలతో మొదలుపెట్టనక్కర్లేదు. ఎర్డ్రిక్ నవల వెనక చాలాకాలం సాగిన కుటుంబ వెతుకులాట ఉంది. వాళ్ల అమ్మ పూర్వీకుల ఆచూకీ తీస్తూ పోతే అది మేడ్‌లైన్ దీవి దాకా చేరింది. మీరూ అలాగే మొదలుపెట్టండి. ఇంట్లోని ఒక్కో వస్తువును గీయండి. చేపల బుట్ట, తేనె తీసే తాడు, ఇప్పపువ్వు ఆరబోసిన చాప. కింద దాని పేరు మీ భాషలో రాయండి. అది ఎవరు చేశారో, ఎలా చేశారో నాలుగు వాక్యాలు రాయండి. గీత వంకరగా వచ్చినా పర్వాలేదు. అల్లిక సరిగా రావాలి. ఏడాది తిరిగేసరికి చేతిలో వంద బొమ్మలుంటాయి. ఆ వంద బొమ్మల మధ్య తిరిగే ఒక పిల్లను ఊహించండి. ఆమెకు మీ అవ్వ పేరో, మీ చెల్లెలి పేరో పెట్టండి. కథ అక్కడి నుంచి నడుస్తుంది.